ఒక పాఠము చేసిన పని

మన విమర్శకులు నాటకమును, నవలను, ఖండకావ్యమును తూచి గుణదోషములు నిర్ణయింతురే గాని, పెద్దలకు అక్షరములు నేర్పు వాచకమును సాహిత్యముగా నెంచి పరిశీలించుట అరుదు. వాచకమనగా అచ్చులు, హల్లులు, గుణింతములు; అందు విమర్శింప నేమున్నదని చదువరు లడుగవచ్చును. ఉన్నదని మా యభిప్రాయము. ఏలయన, గత శతాబ్దపు తుది దశకమున తెలుగునాట ఒక శాసనమునకు దారితీసిన వచనము పేరుమోసిన నవలలలో లేదు. మా నెల్లూరు జిల్లాలో కూలిపనులు చేసికొను స్త్రీలు రాత్రిబడులలో కూడబలుకుకొని చదివిన రెండు చిన్న పాఠములలో నున్నది.

1991 ప్రాంతమున జిల్లాలో సంపూర్ణాక్షరాస్యతోద్యమము సాగినది. ఆ వాచకములలో ‘సీతమ్మ కథ’ యను పాఠ మొకటి. భర్త సారాయికి దాసుడు కాగా సంసార మెట్లు చితికిపోవునో తెలుపు కథ అది. మా మనుబోలు జిల్లాకు దక్షిణభాగమున చెన్నపట్టణపు రహదారిపై నున్నది. ఆ పాఠము ఫలించిన దూబగుంట వాయవ్యమున, కలిగిరి మండలములో, వానకై యెదురుచూచు మెట్టనేలలో నున్నది. అచ్చటి స్త్రీలు పాఠమును చదివి, తమలో తాము చర్చించుకొని, చదువు నంతటితో ముగింపక లేచి, ఊరిలోనికి కల్లు, సారాయి రానీయక అడ్డుపడిరి. వారిలో వర్ధినేని రోశమ్మగారు తరువాత దూబగుంట రోశమ్మగా దేశమున ప్రసిద్ధి కెక్కిరి. ఈ వృత్తాంతమే ‘ఆడవాళ్లు ఏకమైతే’ యను మరియొక పాఠమై తక్కిన యూళ్లకు పోయినది. 1992లో ఉద్యమము జిల్లా యంతట వ్యాపించి సారాయి వేలములు మరల మరల వాయిదా పడినవి. 1993 అక్టోబరు 1 నుండి రాష్ట్రమంతట సారాయి నిషిద్ధమైనది. 1995 జనవరిలో సంపూర్ణ మద్యనిషేధము వచ్చినది, 1997లో సడలిపోయినది.

ఇంత పని చేసిన పాఠమున కావ్యగుణ మేమి? మన యాలంకారికులు ఉపదేశమును మూడు తెరగులుగా విభజించిరి: ప్రభువు శాసించినట్లు చెప్పునది, మిత్రుడు బోధించినట్లు చెప్పునది, కాంత మనసు కరగించి చెప్పునది. 1937 అక్టోబరు 1న రాజగోపాలాచారిగారి మంత్రివర్గము సేలము జిల్లాలో ప్రవేశపెట్టిన మద్యనిషేధము మొదటి తెరగు. 1874లో ‘వివేకవర్ధని’ని స్థాపించి వీరేశలింగము పంతులుగారు వ్రాసిన వ్యాసములు రెండవది. కాళ్లకూరి నారాయణరావుగారి ‘మధుసేవ’ మొదలగు నాటకములు మూడవది. ఈ మూటియందును ఒక సామాన్యధర్మ మున్నది. దుఃఖము ననుభవించువారు వేరు, ఉపదేశమును వినువారు వేరు. త్రాగుబోతు భార్య రంగస్థలముపై కన్నీరు విడువగా, టిక్కెట్టు కొన్న పెద్దమనుష్యులు క్రింద కూర్చుండి తామును కన్నీరు విడిచి, ఆట బాగున్నదని చెప్పుకొనుచు ఇండ్లకు పోవుదురు. రాత్రిబడిలో నట్లు కాదు. సీతమ్మను గూర్చి చదువుచున్నది సీతమ్మయే.

ఇచ్చట మాకు వింతగా తోచిన సంగతి యొకటి కలదు. రససిద్ధికి విఘ్నములు ఏడని అభినవగుప్తుడు చెప్పెను. ప్రేక్షకుడు తన సొంత సుఖదుఃఖములలో మునిగియుండుట వానిలో నొకటి. కావ్యములోని సీత శోకము ఎవరిదియు కాక, అందరిదియునై, ఆస్వాదయోగ్యము కావలెనని శాస్త్రము. ‘సీతమ్మ కథ’ విషయమున సర్వము తలక్రిందైనది. ఆ శోకము సాధారణీకృతము గాక, చదువరి యింటికే తిన్నగా పోయి వాకిట నిలిచినది. ఆచార్యుడు విఘ్నమని త్రోసివేసినదే ఇక్కడ ఫలసిద్ధికి హేతువైనది. రసము చెడినది, పని జరిగినది. ఈ రెండును ఒక్కచోట నుండజాలవా యను ప్రశ్నకు శాస్త్రములో సమాధానము వెదకితిమి గాని మాకు దొరకలేదు.

అక్షరమే ఇంత చేసినదని పొంగిపోవువారితో మే మేకీభవింపము. ఆగ్రహము అక్షరములకంటె ముందే యున్నది. 1980 దశకమున ‘వారుణి వాహిని’ పేర ప్రభుత్వమే సారాయిని పొట్లములలో కట్టించి పంచుటతో, దుకాణమునకు పోవు శ్రమ కూడ తప్పి, పొట్లము పొలముగట్టునకు, ఇంటిగుమ్మమునకు వచ్చినది. కూలిడబ్బు అటు పోయినది. ఆ పథకమును తెచ్చిన నందమూరి తారక రామారావుగారే 1994 డిసెంబరులో మద్యనిషేధముపై సంతకము చేయుట చరిత్ర పరిహాసములలో నొకటి. అక్షరము రాని స్త్రీలు కూడ వేలుగా ఉద్యమములో చేరిరి. వార్తాపత్రికలు, ముఖ్యముగా ‘ఈనాడు’, దానికి బలమిచ్చినవి. మరి పాఠ మేమి చేసినది? నవలను మన మొంటరిగా చదివి మూసివేయుదుము. ఈ పాఠమును పదిమంది గుండ్రముగా కూర్చుండి పైకి చదివిరి. ఎవరి యింటిగుట్టు వారు దాచుకొను మనదేశమున, ఒకరి గుట్టే పదుగురిదని తెలియుటకు అట్టి చోటు కావలసియుండెను. పాఠ మా చోటును కల్పించినది.

రెండవ పాఠమందు మెచ్చదగినది ఊరి పేరు. ‘ఒకానొక గ్రామమున’ అని మొదలైన నీతికథను వినువారు తలయూపి మరచిపోవుదురు. దూబగుంట యన్నప్పుడు, బస్సెక్కి పోయి చూచి రావచ్చును. ప్రక్కయూరివారు చేసినది మనమేల చేయరాదను పంతము కథలో లేకున్నను వినువారిలో పుట్టును. దోషమును చెప్పక తప్పదు. పాఠపు పేరే స్త్రీల కొక షరతు పెట్టుచున్నది: మీ రేకమైతే మేలు కలుగునట. త్రాగిన పురుషునికి, పొట్లము లమ్మించిన ప్రభుత్వమునకు అట్టి షరతు లేదు. దెబ్బ తిన్నవారిపైననే దిద్దుబాటు భారమును కూడ మోపుట మన సంస్కరణవాఙ్మయమునకు పాతవ్యాధి. అది ఈ పాఠమునకును సోకినది.

ఇక కర్తృత్వమును గూర్చి. మొదటి పాఠమును చదువుకొన్నవారు వ్రాసి పల్లెకు పంపిరి. రెండవదాని వాక్యములను కూర్చినవా రెవరైనను, కథాసంవిధానము వారిది కాదు. ఆ స్త్రీలు వీధిలో నడపినదే పుటమీదికి వచ్చినది. తెలుగు వచన చరిత్రలో ఈ పాఠమునకు చోటిచ్చువారు కర్త పేరు వ్రాయవలసిన తావున దూబగుంట స్త్రీలని వ్రాయుట న్యాయము.