కళాపూర్ణోదయ పీఠికలో నంద్యాల వంశం: ఒక సామంత కుటుంబ చరిత్ర, ఒక కల్పిత కథ

ప్రస్తావన

పింగళి సూరన కళాపూర్ణోదయంపై వచ్చిన విమర్శ అధికభాగం కథాసంవిధానాన్ని ఆశ్రయించుకొని సాగింది. కట్టమంచి రామలింగారెడ్డి 1914లో 'కవిత్వతత్త్వ విచారము' వెలువరించి సూరన కథాకల్పనాశక్తిని చర్చకు పెట్టారు. వెల్చేరు నారాయణరావు, డేవిడ్ షుల్మన్‌లు 2002లో ఈ కావ్యాన్ని ఆంగ్లంలోకి తెచ్చి, నవలగా చదవదగిన రచనగా ప్రతిపాదించారు. ఈ రెండు ప్రయత్నాల మధ్య ఎనభై ఎనిమిదేళ్ల దూరం ఉన్నా, రెండింటికీ కేంద్రం కథే.

కావ్య పీఠికలు మాత్రం మరొక శాఖవారి చేతికి వెళ్లాయి. ఎస్. కృష్ణస్వామి అయ్యంగార్ 1919లో ప్రచురించిన విజయనగర చరిత్రాధారాల సంకలనం, కావ్యావతారికలలోని వంశవర్ణనలను ఏరి చరిత్రరచనకు ఉపకరణాలుగా నిలిపింది. సాహిత్య చరిత్రకారులు సైతం కృతిపతి వంశవృక్షాన్ని కవి కాలనిర్ణయానికే ఎక్కువగా వినియోగించుకున్నారు. ఈ విభజన వల్ల పీఠిక చరిత్రకు, కథ సాహిత్యానికి దక్కాయి. ఒకదానినొకటి వెలిగించే అవకాశం మాత్రం మరుగున పడింది. కళాపూర్ణోదయంలో కృతిపతి వంశవర్ణనకూ కల్పిత కథకూ ఉన్న అంతస్సంబంధాన్ని ఈ వ్యాసం పరిశీలిస్తుంది.

నంద్యాల శాఖ: ఒకే మూలం, రెండు గతులు

కృతిపతి నంద్యాల కృష్ణమరాజు. ఆరవీటి వంశంలోని ఒక ఉపశాఖకు చెందినవాడు. ఆరవీటి బుక్కరాజు సాళువ నరసింహునికి అండగా నిలిచిన వీరుడు. ఆయనకు అబ్బలాదేవి వల్ల కలిగిన సింగరాజు నుంచి నంద్యాల శాఖ, బల్లాంబిక వల్ల కలిగిన రామరాజు నుంచి మరొక శాఖ బయలుదేరాయి. ఆ రామరాజు మనుమలే అళియ రామరాయలు, తిరుమలరాయలు, వేంకటాద్రి. 1565లో రక్కసితంగడి యుద్ధంలో రామరాయలు మరణించగా, తిరుమలరాయలు పెనుకొండ రాజధానిగా సింహాసనాన్ని అధిష్ఠించాడు. బుక్కరాజు సంతతిలో ఒక శాఖ సామ్రాజ్యాధిపత్యాన్ని అందుకుంది. మరొక శాఖ ఇంటిపేరులోనే ఒక ఊరిని నిలుపుకొని సామంతస్థాయిలో మిగిలింది.

ఈ శాఖ కార్యక్షేత్రం నల్లమలకు పడమటనున్న నంద్యాల సీమ. అక్కడికి దక్షిణాన, నేటి ఆళ్లగడ్డ మండలంలో, అహోబిల నరసింహ క్షేత్రం ఉంది. ఈ ప్రభువులలో కనిపించే ఔబళ నామం అహోబిలానికి రూపాంతరమే. వీరి దానశాసనాలు కడప ప్రాంతం వరకూ విస్తరించి ఉన్నాయి. సూరనను నంద్యాల సమీపంలోని కానాల గ్రామానికి ముడిపెట్టే స్థానిక సంప్రదాయం నేటికీ ఉంది. అంటే కవి, కృతిపతి, దైవం అందరూ ఒకే సీమ స్మృతిలో నిలిచినవారు.

ఆ సీమ నిలకడ గలది కాదు. 1579 ప్రాంతంలో గోలకొండ సేనలు హండే నాయకుల తోడ్పాటుతో అహోబిలాన్ని ఆక్రమించి అయిదారేళ్లు తమ అధీనంలో ఉంచుకున్నట్లు అహోబిల శాసనం తెలుపుతుంది. క్షేత్రాన్ని తిరిగి సాధించినవారుగా అందులో కొండరాజు వేంకటరాజు, తిరుమలరాజుల పేర్లు ఉన్నాయి. వారు ఆరవీటివారే గాని నంద్యాల శాఖవారు కారు. తమ సీమలోనే జరిగిన అంతటి సంఘటనలో, శిలపై నిలిచిన కీర్తి జ్ఞాతులకు దక్కింది. నంద్యాల శాఖను సాహిత్యలోకం గుర్తుంచుకున్నది మాత్రం సూరన కావ్యం వల్ల.

రెండు శాఖలు, రెండు కథలు

ఆరవీటి రాజశాఖకు లభించిన ప్రబంధం రామరాజభూషణుని వసుచరిత్ర. దాని కృతిపతి తిరుమలరాయలు. కథానాయకుడు భారతప్రసిద్ధుడైన ఉపరిచర వసువు. ఆ కావ్యపీఠికలోనే రామరాజభూషణుడు కథాభేదాలను రత్నాలతో పోల్చాడు. కేవల కల్పిత కథలు ఆయన దృష్టిలో కృత్రిమ రత్నాలు. ఉన్నవున్నట్లు చెప్పే పూర్వకథలు సానపట్టని జాతిరత్నాలు. కల్పనతో మెరుగుపెట్టిన పూర్వకథలే సానదేరిన జాతిరత్నాలు.

నంద్యాల శాఖకు దక్కినది ఈ తూకంలో తక్కువస్థానం పొందిన ఉత్పాద్య కథ. రాజశాఖకు ప్రఖ్యాత నాయకుడూ ఉపశాఖకు అశ్రుతపూర్వుడైన నాయకుడూ రావటాన్ని అంతస్తుల భేదంగా భావించవచ్చు. కాని కథను పరిశీలిస్తే అలా అనిపించదు. ప్రఖ్యాత నాయకుని వెనుక అప్పటికే ఒక వంశం, ఒక కీర్తి సిద్ధంగా ఉంటాయి. ఉత్పాద్య నాయకునికి అవి కూడా కవే కల్పించాలి. అందువల్ల వంశం ఎలా ఏర్పడుతుందన్న ప్రశ్న సూరన కథలో అనివార్యంగా ప్రవేశించింది. చిత్రమేమంటే, ఈ 'కృత్రిమరత్న' కావ్యంలో పూర్వజన్మ స్మృతిని మేల్కొలిపేది కూడా ఒక మణే. మణిహారం సోకగానే శిశువైన మధురలాలస తన పూర్వవృత్తాంతాన్ని చెప్పటం మొదలుపెడుతుంది. రామరాజభూషణునికి సూరన సమాధానం చెప్పాడని దీని అర్థం కాదు. కల్పనకు కూడా తనదైన స్మృతి, తనదైన వంశం ఉండగలవని కథ చూపుతున్నదనటం మాత్రం యుక్తం.

చంద్రవంశం, చంద్రోదయం

ఆరవీటివారు చంద్రవంశీయులమని చెప్పుకున్నారు. వారి తామ్రశాసనాలు చంద్రుడు, బుధుడు, పురూరవుడు, నహుషుడు, యయాతి మొదలుకొని నందుల, చాళుక్యుల మీదుగా దిగివచ్చి, ఒక్కనాడే ఏడు దుర్గాలను పట్టుకున్న సోమదేవుని వంటి వీరులను స్మరిస్తాయి. నంద్యాలవారిదీ ఈ పరంపరే. పీఠికలో ఇది ప్రబంధ మర్యాద. మర్యాద కాబట్టే చదువరి దీనిని త్వరగా దాటిపోతాడు.

కాని ఈ కావ్యం పేరే చంద్రపరం. కళాపూర్ణుడంటే పూర్ణకళలు గలవాడు. కళాపూర్ణుని ఉదయమంటే వాచ్యంగా నిండుచంద్రుని పొడుపు. ఆ రాజు పెద్దభార్య అభినవకౌముది, అంటే కొత్త వెన్నెల. చంద్రవంశీయుడైన కృతిపతికి అంకితమైన కావ్యంలో నాయకుని పేరు, నాయిక పేరు, గ్రంథనామం మూడూ చంద్రుని చుట్టూ అల్లుకోవటం యాదృచ్ఛికం కాజాలదు. పీఠికలో వంశమూలంగా పేర్కొన్న చంద్రుణ్ణి కవి కథలో నాయకుడుగా మళ్లీ ఉదయింపజేశాడు.

ఈ సంబంధం నామసామ్యంతో ఆగదు. కళాపూర్ణుని జన్మ ఒక పొడుపుకథ: అతని తండ్రి సుముఖాసత్తి అనే స్త్రీ, తల్లి మణిస్తంభుడనే పురుషుడు. స్త్రీపురుషులు పరస్పరం రూపాలు మార్చుకోవటం వల్ల ఈ వింత సంభవించినట్లు కథ విప్పుతుంది. విమర్శకులు దీనిని సూరన చమత్కారానికి పరాకాష్ఠగా భావించటం సహజం. అయితే చంద్రవంశపు తొలి కణుపులోనే ఇటువంటి వింత ఉన్నది. బుధుని వల్ల పురూరవుణ్ణి కన్న ఇల, పురాణాల ప్రకారం, స్త్రీగా మారిన సుద్యుమ్నుడే. అంటే చంద్రవంశం పురుషుడైన తల్లితోనే ముందుకు సాగింది. పీఠికలోని వంశక్రమం బుధుణ్ణి, పురూరవుణ్ణి ఒకరి వెంట ఒకరిని నిలిపి సాఫీగా నడిచిపోతుంది. ఆ క్రమం దాచిన మలుపును కథ విప్పి చూపిస్తుంది. ఆ విధంగా చూసినప్పుడు కళాపూర్ణుని జననం కేవలం వినోదార్థం కల్పించిన చిక్కుముడి కాదు. కృతిపతి వంశపురాణానికి కల్పనారూపమైన వ్యాఖ్య.

పేరు ముందు, మనిషి తరువాత

వంశవర్ణనకు ఒక నియమం ఉంది. ముందు పురుషుడు పుడతాడు, పరాక్రమిస్తాడు. తరువాత కవి అతని పేరును పద్యంలో నిలుపుతాడు. కళాపూర్ణోదయంలో ఈ క్రమం తలకిందులవుతుంది. బ్రహ్మ సరస్వతికి ఏకాంతంలో ఒక కథ చెబుతాడు. అందులోని కళాపూర్ణుడు, మదాశయుడు, రూపానుభూతి మొదలైన పేర్లు తమ శృంగారలీలలోని భావాలకూ చేష్టలకూ మారుపేర్లని సరస్వతి గ్రహిస్తుంది. కాని బ్రహ్మవాక్కు వ్యర్థం కారాదు. కనుక ఆ పేర్లకు తగిన మనుషులు భూమిపై పుట్టవలసివచ్చింది. గంధర్వుడైన మణికంధరుడు కళాపూర్ణుడయ్యాడు. కలభాషిణి మధురలాలసగా జన్మించింది. ఇక్కడ కథ ముందు, చరిత్ర తరువాత.

ఈ కల్పితలోకంలో సామంతుని స్థానం కూడా గమనింపదగినది. మధురలాలస తండ్రి మదాశయుడు కళాపూర్ణునికి లోబడి అతని కొలువు చేరిన రాజు. కావ్యం చివరికి కళాపూర్ణుని సంతతికి ఈ లోబడిన వంశంతో కూడా రక్తసంబంధం కలుగుతుంది. సామంతుడు సార్వభౌమునికి బంధువు కావటం, బంధువు సామంతుడుగా ఉండటం నంద్యాలవారికి పుస్తకంలో చదివి తెలుసుకోవలసిన విషయం కాదు; అది వారి నిత్యానుభవం.

ప్రబంధ మర్యాద ననుసరించి ఎనిమిది ఆశ్వాసాలలోనూ కృతిపతి సంబోధన పొందుతాడు. కనుక కథకులు మారినా, కథలో కథలు పుట్టినా, వెలుపలి చట్రంలో శ్రోత కృష్ణమరాజే. బ్రహ్మ చెప్పిన కథను భూలోకంలో చెప్పినవారికీ విన్నవారికీ సంపదలు, పుత్రపౌత్రాభివృద్ధి కలుగుతాయన్న వరం కథలో భాగం. ఇతర ప్రబంధాలలో ఆశీస్సు కథకు వెలుపల, షష్ఠ్యంతాలలోనో ఆశ్వాసాంతంలోనో నిలుస్తుంది. సూరన దానిని కథాచలనానికి కారణంగా మలిచాడు. కలభాషిణీ మణికంధరుల జన్మాంతరాలను నడిపిన ఆ వరమే కావ్యాన్ని విన్న నంద్యాల ప్రభువుకూ వర్తిస్తుంది. సింహాసనం జ్ఞాతుల పాలైన శాఖకు, వంశం నిలవాలన్న కోరికకు మించి కవి ఇవ్వదగిన కానుక ఏముంటుంది?

ముగింపు

పై పరిశీలన వల్ల మూడు అంశాలు తేలుతున్నాయి. కళాపూర్ణోదయంలోని నామకల్పనకు కృతిపతి చంద్రవంశీయత ఒక ఆధారం. నాయకుని జన్మవైచిత్ర్యానికి ఇలోపాఖ్యానం రూపంలో వంశపురాణంలోనే పూర్వరంగం ఉంది. కథాఫలశ్రుతి కృతిపతి వంశాభివృద్ధిని నేరుగా ఉద్దేశించినది.

పాఠ్యప్రణాళికలలో ప్రబంధాలను చేర్చేటప్పుడు అవతారికను విడిచి కథాభాగాన్ని మాత్రమే గ్రహించటం పరిపాటి. కళాపూర్ణోదయం విషయంలో ఈ పద్ధతి వల్ల జరిగే నష్టం కొన్ని స్తుతిపద్యాలతో పోయేది కాదు. పీఠిక లేని కళాపూర్ణోదయం అద్భుతకథగా మాత్రమే కనిపిస్తుంది. కథ లేని పీఠిక నంద్యాలవారిని వంశవృక్షంలోని ఒక కొమ్మగా మిగులుస్తుంది. రెండింటినీ కలిపి చదివినప్పుడు, రాజ్యం దక్కని ఒక కుటుంబం తన మూలపురుషుడైన చంద్రునితో కల్పితలోకంలో మరొకసారి ఉదయించటం తెలుస్తుంది. ఆ శాఖ పాలించిన సీమలో నేటికీ నిలిచివున్న శాసనాలతో పాటు ఈ కావ్యాన్ని కూడా ఆ కుటుంబ చరిత్రలో భాగంగానే పరిగణించాలి. అది ఇచ్చే సాక్ష్యం సంఘటనలకు సంబంధించినది కాదు. ఒక సామంత వంశం తన్ను తాను ఎలా ఊహించుకోదలచిందో తెలిపే సాక్ష్యం.