రాసినవారి సంతకం

"అమెరికా పాత ట్యాక్సులు ఎన్నేళ్లవైనా వారంలో క్లియర్, పెనాల్టీ లేదు." ఈ వారం వాట్సాప్‌లో పదేపదే వచ్చిన ప్రకటన ఇది. చదివి ఒళ్లు మండింది. దీన్ని నమ్మేవాళ్లు మన ఇళ్లలోనే ఉన్నారు: అక్కడి పౌరసత్వం తీసుకుని హైదరాబాద్ తిరిగొచ్చినవాళ్లు, కొడుకు ఇప్పించిన గ్రీన్‌కార్డు బీరువాలో దాచి గుంటూరులో ఉంటున్న అమ్మానాన్నలు. ఆదాయం పరిమితి దాటితే, ఏ ఊళ్లో ఉన్నా వీళ్లు అమెరికాకు లెక్క చెప్పాల్సిందే. కార్డు మీది గడువు తీరినంత మాత్రాన ఆ బాధ్యత తీరదు. 2015లో రెండు దేశాలూ ఖాతాల వివరాలు పంచుకునే ఫాట్కా ఒప్పందం చేసుకున్నాక మన బ్యాంకులు డిక్లరేషన్ అడుగుతుంటే చాలామందికి సంగతి తెలిసింది.

ప్రకటనలో సగం నిజం ఉంది, ప్రమాదమూ అక్కడే ఉంది. తెలియక ఫైల్ చేయనివారి కోసం అమెరికా పన్నుల శాఖ ఐఆర్‌ఎస్ 'స్ట్రీమ్‌లైన్డ్' పద్ధతి పెట్టింది: మూడేళ్ల రిటర్నులు, ఆరేళ్ల విదేశీ ఖాతాల నివేదికలైన ఎఫ్‌బార్‌లు, బాకీ పన్ను, వడ్డీ. విదేశంలో ఉంటున్నట్టు లెక్కకు వస్తే పెనాల్టీ ఉండదు. ఆ లెక్కకు రావాలంటే గడిచిన మూడేళ్లలో కనీసం ఒక ఏడాదైనా అమెరికాలో సొంత నివాసం లేకుండా, 330 రోజులు బయట గడిపి ఉండాలి. ఏటా ఆర్నెల్లు మనవల దగ్గరుండి వచ్చే తాతయ్యకు ఇది వర్తించదు.

మరి ఈ పని ఎవరికి అప్పగించాలి? డబ్బు తీసుకుని రిటర్ను తయారుచేయడానికి ఫెడరల్ నిబంధనల ప్రకారం పీటిన్ అనే నంబరుంటే చాలు. అందరికీ పరీక్ష పెట్టాలని ఐఆర్‌ఎస్ చూస్తే, 1884 నాటి చట్టం ఆ అధికారం ఇవ్వలేదని 2014లో అప్పీళ్ల కోర్టు తేల్చేసింది. అందుకే సీపీఏనో, ఎన్‌రోల్డ్ ఏజెంటునో, లాయరునో చూసుకోమంటారు. సబబే. అయితే డిగ్రీ ఉన్నంత మాత్రాన మన గొడవ తెలుస్తుందని లేదు.

నా చిన్నప్పుడు తాతయ్య వెంట తెనాలి రిజిస్ట్రారు ఆఫీసుకు వెళ్లేవాణ్ణి. బయట వేపచెట్టు కింద దస్తావేజు లేఖరి కూర్చునేవాడు. మా చుట్టుపక్కల పొలాలన్నీ ఆయనకు కొట్టిన పిండి. అయినా తూర్పు హద్దు ఎవరిది, దక్షిణాన కాలువా దారా, పాత దస్తావేజులు తెచ్చారా, చెల్లెళ్లకు వాటా ఉందా అని అన్నీ అడిగేవాడు. తాతయ్య విసుక్కునేవాడు. "రాయవయ్యా, నీకు తెలియనిదేముంది?" "నాకు తెలిస్తే సరిపోదు బాబాయ్, కాగితానికి తెలియాలి" అనేవాడాయన. అన్నీ తేలాకే స్టాంపు కాగితం తీసేవాడు. చివర 'వ్రాసినవారు' అని తన పేరు రాసి సంతకం పెట్టేవాడు. రేపు తగాదా వస్తే తననూ పిలుస్తారని తెలిసే పెట్టేవాడు.

ప్రిపేరరు దగ్గరా నేను వెతికేది ఆ ప్రశ్నలనే. ఫీజు చెప్పేముందు మీ పాస్‌పోర్టు ముద్రలు అడిగారా? అబ్బాయి పేరుతో కలిపి తీసిన జాయింటు ఖాతాలు, ఎఫ్‌డీలు, పీఎఫ్ అడిగారా? అన్ని ఖాతాలూ కలిపి ఏడాదిలో ఏ ఒక్కరోజు 10,000 డాలర్లు దాటినా ఎఫ్‌బార్ వేయాలి. మన మ్యూచువల్ ఫండ్లను అమెరికా 'పిఫిక్' అంటుంది. వాటికి 8621 అనే ఫారం ఉంది. ఆ ఊసే ఎత్తనివారికి మన కేసులు కొత్తని అర్థం. మన ఏప్రిల్–మార్చి లెక్కను జనవరి–డిసెంబరులోకి మార్చి, ఇక్కడ కట్టిన పన్నుకు అక్కడ క్రెడిట్ ఎలా తీసుకుంటారో వాళ్లు చెప్పగలగాలి. తయారుచేసి సంతకం పెట్టనన్నవారినీ, రీఫండ్‌లో వాటా అడిగినవారినీ వదిలేయండి.

అయితే ఎక్కువ ప్రశ్నలు అడిగేవారే అందరికీ మంచివారని చెప్పలేను. తెలిసీ దాచినవారు అకౌంటెంటుకు అన్నీ చెప్పేయకూడదు. క్రిమినల్ కేసు వస్తే లాయరుతో మాట్లాడిన మాటకున్న రక్షణ ఆ మాటలకు ఉండదు. వాళ్లు ముందు అమెరికా ట్యాక్స్ లాయరు దగ్గరకు వెళ్లాలి.

నిజంగా తెలియక, విదేశంలో ఉంటున్నట్టు లెక్కకు వచ్చినవారికి మిగిలేది 14653 ఫారం. ఎందుకు ఫైల్ చేయలేదో అందులో రాసి, అబద్ధమైతే శిక్షకు లోబడతానని సంతకం పెట్టాలి. చదవని కాగితం మీద సంతకం వద్దన్నది ఈ కాలమ్‌లో నా పాత పాట. ఇక్కడ చదవడం కూడా చాలదు. ఎప్పుడు వెళ్లారు, ఎవరు ఏం చెప్పారు, ఎప్పుడు తెలిసింది అన్నది మీరే రాయండి, తెలుగులోనైనా సరే. ప్రిపేరరు దాన్ని ఇంగ్లిషులో పెట్టవచ్చు, సరిదిద్దవచ్చు. అందరికీ వాడే కథ ఒకటి తన దగ్గర సిద్ధంగా ఉందంటే మాత్రం, ఎంత పెద్ద సీపీఏ అయినా లేచి వచ్చేయండి.