బొమ్మకు అతికించిన ముఖం

మా పెద్దనాయన కొడుకు బెంగుళూరులో పాలిటెక్నిక్ చదువుతా ఉన్నాడు. పండక్కి వచ్చేటప్పుడు లాప్‌టాప్ తెస్తాడు. 2024 నవంబరులో ‘హాఫ్ లైఫ్ 2’ అనే కంప్యూటర్ ఆటకు ఇరవై ఏళ్ళు నిండాయని, దాన్ని తయారుచేసిన వాల్వ్ కంపెనీ నాలుగు దినాలు ఊరికే ఇచ్చింది. అన్న దించుకున్నాడు. సంక్రాంతి సెలవుల్లో నేను పక్కన కూర్చుని చూసినాను. ఆడలేదు, చూసినానంతే. అది పెద్దవాళ్ళ ఆట అని అన్న నా చేతికి ఇవ్వనే లేదు.

ఆట చాలా బాగుంది. ఈ మాట ముందే చెప్పేస్తాను, ఎందుకంటే తర్వాత తిట్టబోతున్నాను. వేరే లోకం నుంచి వచ్చినవాళ్ళు భూమిని పట్టుకుని మనుషులను అణిచిపెట్టి ఉంటారు. కథానాయకుడు గార్డన్ ఫ్రీమన్ సైంటిస్టు. ఆట మొత్తంలో ఒక్క మాట కూడా మాట్లాడడు. మొదట్లో ఒకచోట పిల్లల ఆటస్థలం వస్తుంది. ఉయ్యాల ఉంది, జారుడుబల్ల ఉంది, పిల్లలు మాత్రం లేరు. ఆ ఊరంతా వెతికినా ఒక్క పిల్లాడు కనపడడు. ఎందుకు లేరో అక్కడ ఎవరూ చెప్పరు. రక్తం లేదు, అరుపు లేదు. నాకు మాత్రం వీపు జలదరించింది. భయం పుట్టించడం తెలిసినవాళ్ళు చేసిన ఆట అది.

ఆ ఆటలో దారి పొడవునా అక్కడక్కడా శవాలు పడి ఉంటాయి. ఒకచోట అన్న ఆట ఆపేసి, “ఇట్లాంటి శవాల్లో ఒకదాని ముఖం నిజం మనిషిది. తెలుసా పాపా?” అన్నాడు. నేను నమ్మలేదు. తర్వాత చదివితే నిజమే. 2004లో ఆట వచ్చింది. 2022లో, అంటే పద్దెనిమిదేళ్ళకు, ఆ ఆట అభిమానులే కనిపెట్టినారు. చచ్చిపోయిన ఒక మనిషి ఫొటో డాక్టర్ల పుస్తకంలో ఉంది. ఆ ముఖాన్నే తీసుకొచ్చి బొమ్మకు అతికించినారు.

అతికించడం అంటే ఏమిటో చెప్పాలి. కంప్యూటర్ ఆటలో మనిషి లోపల ఏమీ ఉండదు, పైన ఒట్టి డొల్ల. అట్టముక్కలు మడిచి పెట్టె చేసినట్టు ముందు ఆకారం చేస్తారు. దాని మీద చర్మం, చొక్కా, గడ్డం అన్నీ ఉండే చదునైన బొమ్మ ఒకటి చుడతారు. దాన్ని టెక్స్చర్ అంటారు. గోడకైతే గోడ ఫొటో, చెట్టుకైతే చెట్టు బెరడు ఫొటో వాడతారు. అది తప్పు కాదు, పని తొందరగా అవుతుంది. తుప్పు పట్టిన రేకు ఫొటోను ఎట్ల వాడతారో, ఒక మనిషి చావును అట్లనే వాడినారు. నాకు నచ్చనిది అది.

ఇక్కడ మీరు అడగవచ్చు, హింసను చూపించేదే తప్పంటావా అని. కాదు. మా ఊరి పక్క పల్లెలో ద్రౌపదమ్మ తిరునాళ్ళు జరుగుతాయి. కడపటి దినం దుర్యోధనుడి బొమ్మ చేస్తారు. బంకమన్నుతో, నేల మీద పడుకోబెట్టి, ఒక ఇంటి పొడవు ఉంటుంది. భీముడి వేషగాడు గద పట్టుకుని దాని చుట్టూ తిరిగి తిరిగి తొడ మీద కొడతాడు. లోపల పెట్టిన కుండ పగిలి ఎర్రనీళ్ళు వస్తాయి. ద్రౌపది వేషం ఆ ఎరుపు తీసి జుట్టుకు పూసుకుంటుంది. మా అవ్వ ప్రతి ఏడూ అక్కడ ఏడుస్తుంది. చిన్నప్పుడు నేను భయపడి మా నాయన భుజం మీద ముఖం దాచుకున్నాను. ఇంతకంటే హింస ఏముంది? కానీ అది మన్ను అని అందరికీ తెలుసు. ఆ మన్ను తొక్కిన కాళ్ళు ఎవరివో కూడా మాకు తెలుసు. దుర్యోధనుడి ముఖానికి ఎవరో ఒకరి శవం ముఖం తెచ్చి పెట్టి ఉంటే అవ్వ ఏడుస్తుందా? లేచి వచ్చేస్తుంది.

అన్న నాతో బాగా వాదించినాడు. “చచ్చినోళ్ళకు ఏం తెలుస్తాది? పద్దెనిమిదేండ్లు ఎవురికీ తెలియలేదు, ఎవురికి నష్టం?” అన్నాడు. ఈ ప్రశ్న నాలుగు దినాలు నా బుర్రలో తిరిగింది. తర్వాత తోచింది ఏమంటే, అన్న మాట అన్నకే ఎదురు తిరుగుతుంది. పద్దెనిమిదేళ్ళు ఎవరూ గుర్తుపట్టలేదంటే, నిజం ముఖం పెట్టినందుకు ఆటకు ఏమీ ఒరగలేదనే కదా? అన్ని లక్షల మంది ఆ శవాన్ని దాటి పోయినారు. చేత్తో గీసిన ముఖం ఉన్నా అట్లనే దాటి పోయేవాళ్ళు. ఖాళీ ఉయ్యాలతో నన్ను భయపెట్టినవాళ్ళకు ఒక శవం ముఖం గీయడం చేతకాదా? గీయగలరు. ఆ ఒక్కచోట కష్టపడలేదు. ఆట మొత్తంలో అందరికన్నా తక్కువ పనితనం కనిపించేది ఆ ముఖంలోనే అని నా అభిప్రాయం.

ఇంకో సంగతి. ఆ ఫొటో డాక్టర్ల పుస్తకంలోకి ఎందుకు పోయింది? చావు ఎట్ల వచ్చిందో నేర్చుకునేవాళ్ళకు చూపించడానికి. చదువుకు పోయిన బొమ్మ ఆటకు వచ్చింది. పోయిన మనిషిని అడిగేదానికి లేదు, సరే. ఆ మనిషి ఇంట్లోవాళ్ళు ఎవరైనా ఈ ఆట ఆడి ఉంటే? గుర్తుపట్టి ఉండరు అని ఎవరు చెప్పగలరు?

చూసి గీయడం వేరే, కోసి అతికించడం వేరే అని మొదట ఒక గీత గీసుకున్నాను. 2008లో వచ్చిన ‘డెడ్ స్పేస్’ అనే ఆటలో భయంకరమైన జీవాలు ఉంటాయి. వాటిని గీసినవాళ్ళు కారు ప్రమాదాల ఫొటోలు ముందు పెట్టుకుని చూసినారట. కానీ ఎవరి ముఖాన్నీ అతికించలేదు. శరీరం ఎట్ల విరుగుతుందో నేర్చుకున్నారు, తర్వాత సొంతంగా చేసినారు. బొమ్మలు గీసేవాళ్ళు శవాలను చూసి నేర్చుకోవడం కొత్త కాదు, లియొనార్డో డావించి కూడా శవాలను కోసి చూసి గీసినాడు. కాబట్టి చూడవచ్చు, అతికించకూడదు. లెక్క తేలిపోయింది అనుకున్నాను.

రెండు సంగతులు చదివినాక ఆ గీత చెరిగిపోయింది.

ఒకటి ‘మోర్టల్ కాంబాట్ 11’. 2019లో వచ్చిన కొట్లాట ఆట, గెలిచినవాడు ఓడినవాడిని చంపే తీరే దానిలో వేడుక. దానికి పనిచేసిన ఒకాయన పేరు చెప్పుకోకుండా ఒక పత్రికతో మాట్లాడినాడు. పని కోసం నిజమైన హత్యల బొమ్మలు, జంతువులను కోసే వీడియోలు దినమంతా చూడాల్సి వచ్చిందంట. రాత్రి పీడకలలు. నిద్రపోతే కలలు వస్తాయని నిద్రపోవడమే మానేసినాడు. ఆయనతో పనిచేసే ఇంకొకాయనకు ఇంట్లో తన కుక్కను చూస్తే దాని కడుపులోని పేగులే కళ్ళ ముందు కనిపించేవట. డాక్టరు దాన్ని మానసిక గాయం అని తేల్చినారు. యుద్ధం నుంచి వచ్చిన సైనికులకు వచ్చే జబ్బు, కుర్చీలో కూర్చుని బొమ్మలు చూసినవాడికి వచ్చింది. చూడడం కూడా ఊరికే పోదు.

రెండోది ‘బయోషాక్’. 2007లో వచ్చింది. సముద్రం అడుగున రాప్చర్ అనే ఊరు కట్టుకుని, మాకు ప్రభుత్వం వద్దు, దేవుడు వద్దు, ఎవడి తెలివి వాడిది అనుకున్నవాళ్ళ కథ. అందం కోసం, బలం కోసం ఒక మందు ఎక్కించుకుని ఎక్కించుకుని వాళ్ళ ముఖాలు చెడిపోతాయి, పిచ్చెక్కుతుంది. వాళ్ళను స్ప్లైసర్లు అంటారు. ఆడేవాడు వాళ్ళను చంపుకుంటా పోవాలి. ఆ ముఖాలు చేసేటప్పుడు బొమ్మలు గీసేవాళ్ళకు ఇంటర్నెట్‌లో మొదటి ప్రపంచ యుద్ధం నాటి ఫొటోలు దొరికినాయి. ముఖం పగిలిపోయిన సైనికుల ఫొటోలు. వాటిని చూసి చేసినారు.

ఆ సైనికుల్లో ఒకరు హెన్రీ లమ్లీ. ఇంగ్లండు వైమానిక దళంలో చేరినాడు. 1916లో విమానం నడపడం నేర్చుకుని పట్టా అందుకున్న రోజే విమానం కూలి ముఖమంతా కాలిపోయింది. సిడ్‌కప్ అనే ఊరి ఆసుపత్రిలో హెరాల్డ్ గిల్లీస్ అనే డాక్టరు, ఇప్పుడు ప్లాస్టిక్ సర్జరీకి ఆద్యుడని చెప్పుకునే ఆయన, లమ్లీ ఛాతీ మీది చర్మం తీసి ముఖానికి వేసినాడు. అది అతుక్కోలేదు, కుళ్ళిపోయింది. 1918 మార్చిలో లమ్లీ చనిపోయినాడు. ఆసుపత్రిలో తీసిన ఫొటోలు తర్వాతి రోగులకు పనికి వస్తాయని దాచిపెట్టినారు. ఆటలోని ఒక స్ప్లైసర్ ముఖం లమ్లీ ముఖమే.

ఇక్కడ అతికించలేదు, చూసి చేసినారు. అయినా నాకు హాఫ్ లైఫ్ కంటే ఇదే ఎక్కువ కష్టంగా ఉంది. ఎందుకంటే ఆటలో ఆ ముఖానికి ఒక అర్థం ఉంది. ఇది అత్యాశ ముఖం, వీడు తన పాపానికి తానే ఇట్ల అయినాడు, వీడిని చంపు అని ఆట చెబుతుంది. లమ్లీ ఏ మందూ ఎక్కించుకోలేదు. అందం కోసం కత్తి కిందికి పోలేదు. అన్నం తినడానికి, కళ్ళు మూసుకోవడానికి ఒక ముఖం కావాలని పోయినాడు. అంటే ఆట అతని మీద అబద్ధం చెప్పింది. బయోషాక్‌ను గొప్ప కథ అని అందరూ మెచ్చుకుంటారు, నిజంగానే ఆలోచన ఉన్న కథ. అయితే మనుషులను వస్తువులుగా వాడుకునే ఊరు ఎట్ల నాశనమైందో చెప్పే కథలోనే ఒక మనిషిని వస్తువుగా వాడినారు. రాసినవాళ్ళకు ఇది తట్టలేదా అని నాకు ఆశ్చర్యం.

అవే ఫొటోలను వాడిన ఇంకొకాయన ఉన్నాడు. పాడీ హార్ట్‌లీ అనే కళాకారుడు. ఇంటర్నెట్‌లో ఆ ఫొటోలు పెట్టింది ఆయన పనిలో భాగంగానే. ‘ప్రాజెక్ట్ ఫసాడ్’ అని దాని పేరు. ఆయన పాత సైనిక దుస్తులు తీసుకుని, వాటి మీద ఒక్కో సైనికుడి కథను సూదీ దారంతో కుట్టినాడు. ఎక్కడ దెబ్బ తగిలింది, ఎన్ని ఆపరేషన్లు, తర్వాత ఏమైనాడు అని. అక్కడ ఫొటో పక్కన పేరు ఉంది. ఆటలోకి వచ్చేసరికి ముఖం మిగిలింది, పేరు రాలిపోయింది.

అందుకే నిజమైన చావు ఫొటోలను చూపించకూడదు అని నేను అనను. 1984లో భోపాల్ గ్యాస్ దుర్ఘటన తర్వాత, మట్టిలో పూడుస్తా ఉన్న పసిబిడ్డ ముఖం ఫొటో మా అయ్యవారు చూపించినారు. రఘు రాయ్ తీసినది. ఆ బిడ్డ పేరు ఎవరికీ తెలియదు. కానీ ఆ ఫొటో చూసినవాళ్ళు ఇది భోపాల్, ఇది ఆ ఫ్యాక్టరీ చేసిన పని అని తెలుసుకుంటారు. ఆ బిడ్డను ఇంకొకరి కథలో దయ్యంగా నిలబెట్టలేదు.

ఇంత రాసి ఒక్కటి దాచిపెడితే న్యాయం కాదు. నేను ఎనిమిదో తరగతిలో రోడ్డు భద్రత వారోత్సవానికి ఒక చార్టు చేసినాను. హెల్మెట్ పెట్టుకోండి, నిదానమే ప్రధానం, అట్లాంటివి. మధ్యలో పెట్టడానికి ప్రమాదం ఫొటో ఒకటి ఫోనులో వెతికి, జెరాక్సు అంగడిలో కలర్ ప్రింటు తీయించి, కత్తిరించి అతికించినాను. హైవే మీద పడి ఉన్న ఒకాయన. పక్కన బండి, ఒక కాలికే చెప్పు. రక్తం సరిగ్గా కనిపించలేదని ఎర్ర స్కెచ్ పెన్నుతో నేనే ఇంకా కొంచెం పూసినాను. మొదటి బహుమతి వచ్చింది. చార్టును లైబ్రరీ బయట గోడకు పెట్టినారు.

ఆ దినం ఇంటికి వచ్చి అమ్మకు ఫోనులో చార్టు చూపించినాను. బహుమతి గురించి ఏమీ అనలేదు. ఫొటోను పెద్దది చేసి చూసి, “ఇంకో చెప్పు యాడ పడిందో” అంది. ఈయమ్మ ఏమిటికి చెప్పు గురించి అడుగుతుందని నాకు విసుగు వచ్చింది.

ఇప్పుడు అర్థమైంది. నేను చూసింది ఎరుపు. అమ్మ చూసింది మనిషి. ఆ ఫొటో ఏ ఊరిదో, ఎప్పటిదో నేను చూసుకోలేదు. వెతికితే వచ్చిన వాటిలో బాగా భయంగా ఉండేది ఏరుకున్నాను. వాల్వ్ కంపెనీలో ఎవరో పుస్తకం తిరగేసి ఏరుకున్నట్టే. నాది మంచి పని కోసం కదా అని సర్దిచెప్పుకున్నాను. ఎర్ర స్కెచ్ పెన్ను గుర్తొస్తే ఆ సర్దుబాటు నిలవడం లేదు.

పోయిన వారం అయ్యవారిని అడిగి చార్టు దించినాను. రెండేళ్ళకు జిగురు గట్టిపడి ఫొటో ఊడి రాలేదు, గీకితే ముక్కలు ముక్కలుగా వచ్చింది. ఆ ముక్కలను చెత్తబుట్టలో వేయడానికి చేయి రాలేదు. నోటు పుస్తకం చివరి పేజీలో మడిచి పెట్టుకున్నాను. ఫొటో ఉన్నచోట ఒక హెల్మెట్ గీసినాను. గుండ్రం సరిగ్గా రాలేదు, గుమ్మడికాయ మాదిరి ఉందని మా తరగతివాళ్ళు నవ్వుతా ఉన్నారు.