బోర్డు మీద మిగిలిన మూడు పాటలు

స్కూలు వదిలేశాక ఖాళీ క్లాసు గదిలో నలుగురు కూర్చున్నారనుకోండి. బోర్డు మీద పన్నెండు పాటల పేర్లున్నాయి. తలా మూడు, ఎవరి ప్రాణం వాళ్లది. స్టేజీ మీద దొరికేది పదిహేను నిమిషాలు. ఎక్కడం, వైర్లు తగిలించుకోవడం, దిగడం అన్నీ అందులోనే. లెక్క చూస్తే మూడు పాటలకు మించి పట్టవు. మిగతా తొమ్మిదీ చెరిపెయ్యాలి. పాటలు రాసేటప్పుడు నవ్వుతూ ఉన్నవాళ్లు డస్టర్ చేతికొచ్చేసరికి గొడవకు దిగుతారు.

జపాన్ హైస్కూళ్లలో ఏటా జరిగే తంతు ఇది. అక్కడి స్కూలు పండుగను ‘బుంకసాయి’ అంటారు, అంటే సంస్కృతి ఉత్సవం. నవంబరు 3 వాళ్లకు సంస్కృతి దినం. ఆ చుట్టుపక్కల, ఎక్కువగా సెప్టెంబరు నుంచి నవంబరు లోపు, ఈ సందడి సాగుతుంది. క్లాసు గదులు టీకొట్లవుతాయి, దయ్యాల కొంపలవుతాయి. జిమ్ హాలు కచేరీ వేదికవుతుంది. అక్కడ వాయించే పిల్లల క్లబ్బు ‘కేయిఒన్‌బు’. ఆ మాటకు తేలిక సంగీతం క్లబ్బు అని అర్థం. పేరులో ఉన్న తేలిక పనిలో ఉండదు. అక్కడ విద్యా సంవత్సరం ఏప్రిల్‌లో మొదలవుతుంది. ఏప్రిల్‌లో గిటారు పట్టుకోవడం నేర్చుకున్న పిల్ల అక్టోబరులో స్కూలంతా చూస్తుండగా వాయించాలి. చేతిలో ఉన్నవి ఆరు నెలలు, అందులో పరీక్షలు. అందుకే ఏ పాట అన్నది అభిరుచికి సంబంధించిన ప్రశ్నే కాదు, బరువుకు సంబంధించిన ప్రశ్న కూడా. నచ్చడం వేరు, మొయ్యడం వేరు.

ఈ సంప్రదాయంలో ‘కొపి’ అనేది చిన్నచూపు మాట కాదు. కాపీయే వాళ్ల నోట కొపి అయింది. ఇష్టమైన బృందం పాటను ఉన్నదున్నట్టు వాయించడానికి ఆ పేరు. పుస్తకాల షాపులో పాటను స్వరాలుగా అచ్చేసిన బ్యాండ్ స్కోర్లు దొరుకుతాయి. వాటిలో గిటారు, బేస్, డ్రమ్స్, గాత్రం ఒక్కోదానికీ ఒక్కో వరస. అవి లేకుండా చెవితో విని పట్టుకుంటే ‘మిమికొపి’. మిమి అంటే చెవి. గురువు పాడింది విని పట్టుకున్న మన పాఠంలాంటిదే. కాకపోతే ఇక్కడ గురువు రికార్డు. ఎన్నిసార్లు వెనక్కి తిప్పినా విసుక్కోదు.

ఏ పాట ఎందుకు నిలుస్తుందో తెలియాలంటే ఒకదాన్ని విప్పి చూడాలి. ది బ్లూ హార్ట్స్ అనే పంక్ బృందం 1987లో విడుదల చేసిన ‘లిండా లిండా’నే తీసుకుందాం. రాసింది గాయకుడు కోమోతో హిరోతో. మురుగుకాలవ ఎలుకలో అందం చూసే ఊహతో, నింపాదిగా, దాదాపు ఒంటి గొంతుతో మొదలవుతుంది. ఉన్నట్టుండి డ్రమ్స్, గిటారు, బేస్ అన్నీ మీద పడతాయి. కొత్త చేతులు దీన్ని పవర్ కార్డులతో లాగించెయ్యగలవు. పవర్ కార్డు అంటే మన లెక్కలో షడ్జమం, పంచమం, అంతే. తంబురా మీద వినే సా-పా. మధ్యలో గాంధారం లేదు కాబట్టి మేజరా, మైనరా అన్న పేచీ లేదు. వేళ్లకు ఒకే ఆకారం నేర్పి, దాన్ని మెట్ల మీద పైకీ కిందికీ జరుపుకుంటూ పోవచ్చు. గరుకు శబ్దం కోసం డిస్టార్షన్ పెంచితే గాంధారం చేరిన కార్డు బురదగా వినిపిస్తుంది, సా-పా మాత్రం గోడలా నిలబడుతుంది. కొత్తవాళ్లకు సులువైనదే పంక్‌కు బలమైంది కూడా.

డ్రమ్స్‌లో దీనికి జోడీ ఎయిట్ బీట్. ఆదితాళంలా ఎనిమిది లెక్కపెట్టండి. కుడిచెయ్యి హై-హ్యాట్ మీద ఎనిమిదీ కొడుతుంది. కుడికాలు ఒకటి, అయిదు మీద కిక్ డ్రమ్ తొక్కుతుంది. ఎడమచెయ్యి మూడు, ఏడు మీద స్నేర్ కొడుతుంది. ఈ మూడూ ఒకదానికొకటి కాళ్లడ్డం పెట్టకుండా నడిస్తే సగం రాక్ పాటలు చేతికొచ్చినట్టే. అదే రాడ్‌వింప్స్ బృందం 2016 నాటి ‘జెన్‌జెన్‌జెన్సె’ జోలికెళితే ఆ వేగానికి ఆరు నెలల డ్రమ్మరుకు ఊపిరాడదు. బోర్డు మీద తొలి వేటు సాధారణంగా అలాంటి పాటకే పడుతుంది.

రెండో వేటు గొంతును బట్టి. జపాన్ పాటలో మన పల్లవిలాంటిది సాధారణంగా ముందే వచ్చి కూర్చోదు. ఏ-మెలో, బీ-మెలో అని రెండు మెట్లెక్కాక ‘సబి’ వస్తుంది. పాటకు శిఖరం అదే. పై స్థాయి స్వరాలన్నీ అక్కడే కాచుకుని ఉంటాయి. పాడేవాళ్లకు అసలు పరీక్ష మొదటి సబి కాదు, మూడో పాటలోని చివరి సబి. అప్పటికి గొంతు ఎంత మిగులుతుందన్నదే లెక్క. అబ్బాయి పాడిన పాటను అమ్మాయి పాడాలంటే శ్రుతి మార్చాలి. ఎంత మార్చాలో తెలుసుకోవడానికి కరావోకే గది మంచి ప్రయోగశాల. మీట నొక్కితే శ్రుతి అరమెట్టు చొప్పున పెరుగుతుంది, తగ్గుతుంది. నాలుగు అరమెట్లు పెంచితే హాయిగా ఉందా, అయితే గిటారుకు నాలుగో మెట్టు మీద తీగలన్నిటినీ నొక్కిపట్టే కాపో బిగిస్తే సరి. వేళ్ల ఆకారం మారదు. బేస్ వాయించేవాళ్లు మాత్రం చోట్లన్నీ కొత్తగా వెతుక్కోవాలి. తగ్గించాలంటే కాపో పనికిరాదు, తీగలన్నీ అరమెట్టు సడలించాలి. ఆ పని పాటకూ పాటకూ మధ్య చేస్తూ కూర్చుంటే పదిహేను నిమిషాల్లో రెండు అక్కడే కరిగిపోతాయి. అందుకే సడలించిన తీగల పాటలను పక్కపక్కన పెడతారు, లేదా మూడింటినీ ఒకే శ్రుతికి తెస్తారు.

మనుషుల లెక్క కూడా చూడాలి. ఒకినావా బృందం మొంగోల్800 పాట ‘చీసానా కోయి నో ఉతా’ 2001 నాటి ‘మెసేజ్’ ఆల్బమ్‌లోది. ఆ పేరుకు ‘చిన్న ప్రేమపాట’ అని అర్థం. పాట వచ్చినప్పుడు అసలు బృందంలో ఉన్నది ముగ్గురే. గిటారు, బేస్, డ్రమ్స్. పాడేది బేస్ వాయించే అతనే. రెండో గిటారు మనిషి దొరకని క్లబ్బుకు ఇది వరం. కానీ పాడుతూ బేస్ మీటడం వేరే విద్య. గొంతు ఒక దారిన, వేళ్లు ఒక దారిన నడవాలి. తేలికని ఒప్పుకున్నాక ఆ సంగతి తెలిసొస్తుంది. అప్పుడు పాడడానికి ఇంకొకరిని తెచ్చుకుంటారు, ముగ్గురు నలుగురవుతారు.

ఇక హాలు. చెక్క నేల, ఎత్తైన కప్పు. కొట్టిన ప్రతి దెబ్బా గోడలకు తగిలి తిరిగొస్తుంది. సన్నటి అల్లికలున్న పాట ప్రాక్టీసు గదిలో ముత్యాల్లా వినిపించినా ఇక్కడ ముద్దవుతుంది. ఖాళీలున్న పాటే బతుకుతుంది. పైగా కూర్చున్నవాళ్లంతా రాక్ అభిమానులు కారు. అమ్మానాన్నలు, తాతయ్యలు, చిన్న తరగతుల పిల్లలు కూడా ఉంటారు. అందరికీ తెలిసినది ఒకటైనా ముందుంచాలి. చేతికి బాగా వచ్చింది ఆఖరున పెట్టాలి. గొంతు చించుకునే రెండింటిని వరసగా పెట్టకూడదు. ఇంకో చిక్కు ఉంది. జనం ఉత్సాహంగా చప్పట్లు కలుపుతారు. ఆ చప్పట్లు ఒక్కోసారి తాళం తప్పి బ్యాండును తమ వెంట లాక్కుపోతాయి. డ్రమ్మరు ప్రేమగా వచ్చే ఆ చప్పట్లను వినకుండా ఉండడం నేర్చుకోవాలి.

హక్కుల పేచీ ఈ పండుగకు అడ్డు రాదు. లాభం కోసం కాకుండా, టికెట్టు పెట్టకుండా, వాయించినవాళ్లకు పైసా ఇవ్వకుండా చేస్తే, విడుదలైన పాటను అనుమతి అడగకుండానే ప్రదర్శించుకోవచ్చని జపాన్ కాపీరైట్ చట్టం 38వ సెక్షన్ చెబుతుంది. వీడియో తీసి ఇంటర్నెట్లో పెడితే మాత్రం ఆ మినహాయింపు చెల్లదు.

ఈ ఎంపిక మీదే నడిచే సినిమా ఒకటుంది. 2005లో యమాషితా నొబుహిరో తీసిన ‘లిండా లిండా లిండా’. ఉత్సవానికి మూడు రోజులుందనగా గిటారిస్టు వేలికి దెబ్బ తగులుతుంది, పాడే అమ్మాయి తప్పుకుంటుంది. కీబోర్డు వాయించే అమ్మాయి గిటారు అందుకుంటుంది. పాడడానికి కొరియా నుంచి వచ్చిన విద్యార్థిని దొరుకుతుంది. ఆ పాత్ర వేసింది బే దూనా. జపనీస్ ఆమెకు అంతంతమాత్రం. మూడు రోజుల్లో, చేతికి కొత్త వాయిద్యంతో, నోటికి కొత్త భాషతో ఏ పాట నిలబడుతుంది? వాళ్లు బ్లూ హార్ట్స్‌నే పట్టుకుంటారు. కథకు ఆ పాట అలంకారం కాదు, లెక్క తేలిన జవాబు.

మార్చి వచ్చేసరికి పై తరగతి వాళ్లు స్కూలు వదిలి వెళ్లిపోతారు. బృందం విడిపోతుంది. ఆ నలుగురి గొంతుకూ వేళ్లకూ కొలిచి కుట్టుకున్న జాబితా ఇంకెవరికీ పట్టదు. ఏప్రిల్‌లో మరో పిల్ల గిటారు పట్టుకుని తొలి సా-పా మీటుతుంది. మళ్లీ బోర్డు, మళ్లీ పన్నెండు పేర్లు. 1987లో పుట్టిన పాట అందులో ఒకటిగా ఉంటుంది. డస్టర్ పట్టుకున్నవాళ్లు దాని దాకా వచ్చి కాస్త ఆగుతారు.