పోయిన ఫేజు ఏది?

భద్రాచలంలో రివైండింగ్ షాపుకు కాలిన బోరు మోటారు తెచ్చిన రైతు అడిగేవి రెండే మాటలు: ఎప్పుడిస్తావన్నా, ఎంతవుతుందన్నా. వాటికి జవాబు చెప్పాలంటే మెకానిక్‌కు ముందు ఇంకో సంగతి తేలాలి. మూడు ఫేజుల్లో ఏది పోయింది? అసలు పోయిందా? 3 హెచ్‌పీ సబ్‌మెర్సిబుల్ మోటారంటే బయటికి కనిపించేది ఒక స్టీలు గొట్టం, మూడు తీగలు. చుట్టంతా లోపలే. విప్పకముందే లోపలి సంగతి చెప్పగలగడంలోనే పనితనం తెలుస్తుంది.

మల్టీమీటరు పెడితే ఏదో అంకె వస్తుంది. కానీ ఐదారు ఓముల చుట్టను కొలిచేటప్పుడు మీటరు తీగల రెసిస్టెన్సు, తుప్పు పట్టిన కొసల రెసిస్టెన్సు కూడా అందులో కలిసిపోతాయి. పని తెలిసినవాడు 12 ఓల్టుల బ్యాటరీ తెస్తాడు. ఆమీటరు గుండా చుట్టలోకి కరెంటు పంపి, ఎన్ని ఓల్టులో, ఎన్ని ఆంపియర్లో చూసి, మొదటిదాన్ని రెండోదానితో భాగిస్తాడు. ఇక్కడొక చిన్న మెలకువ ఉంది, నాకు బాగా నచ్చింది. ఓల్టుమీటరు కొసలను బ్యాటరీ మీద పెట్టడు, మోటారు తీగల మీదే పెడతాడు. కరెంటు లాగుతున్నప్పుడు బ్యాటరీ ఓల్టేజి కొంత పడిపోతుంది, మధ్యలోని తీగలు ఇంకొంత తింటాయి. చుట్టకు నిజంగా అందినదెంతో అదే లెక్కలోకి రావాలి. 1827లో ఈ భాగహార సూత్రాన్ని పుస్తకంగా అచ్చు వేసిన జర్మన్ బడిపంతులు ఓమ్‌కూ బ్యాటరీ ఇలాగే చికాకు పెట్టింది. దాని బలం నిలకడగా ఉండకపోవడంతో, ఆయన దాన్ని పక్కనపెట్టి వేడికీ చలికీ మధ్య రెండు లోహాల అతుకుల నుంచి పుట్టే కరెంటుతో ప్రయోగాలు చేశాడు.

స్టార్ కనెక్షన్ మోటారులో మూడు ఫేజుల చివరలూ లోపల ఒకచోట ముడిపడి ఉంటాయి. అందువల్ల ఏ రెండు తీగలు పట్టుకున్నా రెండు ఫేజులు కలిసే కొలతకు వస్తాయి. ఎరుపు, పసుపు తీగల మధ్య 12 ఓల్టులకు 2 ఆంపియర్లు వచ్చాయనుకోండి: 6 ఓములు. పసుపు, నీలం మధ్య 2.4 ఆంపియర్లు: 5 ఓములు. నీలం, ఎరుపు మధ్యా అంతే. తగ్గిన రెండు కొలతల్లోనూ ఉన్నది నీలమే. ఎరుపుకు 3, పసుపుకు 3, నీలానికి 2. నీలం ఫేజులో కొన్ని చుట్లు ఒకదానికొకటి తగిలి షార్టయ్యాయి. గొట్టం విప్పలేదు, పానా ముట్టుకోలేదు.

ఎందుకు కాలిందో కూడా ఆ అంకెలతోనే చెప్పవచ్చు. తీగలో పుట్టే వేడి కరెంటును కరెంటుతోనే హెచ్చించి, మళ్లీ రెసిస్టెన్సుతో హెచ్చిస్తే వస్తుంది. 3 ఓముల ఫేజులో 6 ఆంపియర్లు నడిస్తే 108 వాట్లు. చుట్టూ ఉన్న నీళ్లు దాన్ని లాగేస్తాయి. ఇసుక పడి పంపు బిగుసుకుంటే కరెంటు ఐదు రెట్లై 30 ఆంపియర్లకు చేరుతుంది. వేడి మాత్రం ఇరవై ఐదు రెట్లు: 2,700 వాట్లు, అదీ ఒక్క ఫేజులోనే. కరెంటు మితిమీరితే మోటారును ఆపే ఓవర్‌లోడ్ రిలేను స్టార్టరులోంచి పీకేసి డైరెక్టు చేసుకున్నవాళ్లకు ఈ లెక్క ఒక్కసారి చూపిస్తే చాలు.

కొత్తగా చుట్టేటప్పుడు రాగి ధరకు భయపడి 22 గేజు తీగ ఉన్నచోట 23 గేజు వేసే షాపులూ లేకపోలేదు. మందం 0.71 మిల్లీమీటర్ల నుంచి 0.61కి దిగుతుంది, కంటికి తేడా తెలియదు. చుట్ల లెక్క సరిపోయినా రెసిస్టెన్సు మాత్రం మూడో వంతుకు పైగా పెరుగుతుంది. అదే కరెంటుకు వేడీ అంతే పెరుగుతుంది. బ్యాటరీ, ఆమీటరు ఈ మోసాన్ని నిమిషంలో బయటపెడతాయి.

గోదావరి వరద వచ్చిన ఏడు ఇదే భాగహారం ఇంకో వేషం కడుతుంది. 2022 జులైలో భద్రాచలం దగ్గర నీటిమట్టం 71 అడుగులు దాటింది. మూడో ప్రమాద హెచ్చరికే 53 అడుగులకు ఇస్తారు. గట్టు మీది మోటారు మునిగితే రాగికి ఏమీ కాదు, దాని మీది ఇన్సులేషన్ తడుస్తుంది. ఇన్సులేషన్‌ను కొలిచే మెగ్గర్ 500 ఓల్టులు పెట్టి, చుట్టకూ మోటారు బాడీకీ మధ్య ఎంత కరెంటు కారుతోందో చూస్తుంది. అర మిల్లీ ఆంపియర్ కారితే పది లక్షల ఓములు, అంటే ఒక మెగా ఓము. అంతకు తగ్గితే లైనుకు కలపకూడదు. బురద కడిగి, పెద్ద బల్బుల వేడిలో ఆరబెడతారు. మొదటి గంటల్లో అంకె పెరగకపోగా ఇంకా పడిపోతుంది, వేడికి ఇన్సులేషన్ అలాగే ప్రవర్తిస్తుంది మరి. తేమ వెళ్లేకొద్దీ మళ్లీ లేస్తుంది. పడిందని కంగారుపడి చుట్ట కోసేయకుండా ఆగగలవాడే ఆ రైతుకు కొత్త రాగి ఖర్చు తప్పిస్తాడు.

అన్నిటికంటే నేను మెచ్చుకునేది, ఈ లెక్క ఎక్కడ పనికిరాదో మెకానిక్‌కు తెలియడం. తిరుగుతున్న మోటారు మీద 415 ఓల్టులను 6 ఆంపియర్లతో భాగిస్తే వచ్చేది చుట్ట రెసిస్టెన్సు కాదు; ఏసీకి అయస్కాంతపు అడ్డంకి కూడా ఉంటుంది. ఓల్టులు, ఆంపియర్లు, పైన మూడు ఫేజుల లెక్కకు 1.732 హెచ్చించినా 4,300 దాకా వస్తుందే గాని అవన్నీ వాట్లు కావు. పవర్ ఫ్యాక్టర్ 0.75 ఉంటే ఖర్చయ్యేది 3,200 వాట్లే. అందుకే చివరి పరీక్షలో అతను భాగించడు. తీగను పట్టుకుని కరెంటు కొలిచే టాంగ్ టెస్టర్‌ను మూడు తీగలకూ వరసగా తగిలిస్తాడు. మూడింటా కరెంటు దాదాపు ఒకటే ఉండాలి, నేమ్‌ప్లేటు మీది అంకె దాటకూడదు. ఆ తర్వాతే బిల్లు.