గుల్లగా విరిగే ఈస్టర్ బిస్కెట్

కోడిగుడ్డు ఆకారంలో కోసిన రెండు పల్చటి బిస్కెట్లు. పైదానికి నడిమధ్య గుండ్రటి కిటికీ. అందులోంచి పచ్చసొనను తలపించే ఆప్రికాట్ జామ్. చుట్టూ పల్చగా చల్లిన పొడి పంచదార. ఆస్ట్రియాలో ఈస్టర్ దగ్గరపడేసరికి బేకరీ అద్దాల వెనకా, ఇళ్లలో రేకు డబ్బాల్లోనూ కనిపించే లింట్సర్ బిస్కెట్ ఇది. క్రిస్మస్‌కి ఇదే బిస్కెట్ గుండ్రంగా, ఎర్రటి రెడ్‌కరెంట్ పళ్ల జామ్‌తో వస్తుంది. ఈస్టర్‌కి అచ్చు మారుతుంది, జామ్ రంగు మారుతుంది. పిండి మాత్రం అదే.

చూడ్డానికి చేయి తిరిగిన బేకరీ పనిలా ఉంటుంది గానీ, పండగ బిస్కెట్లలో ఇంత తేలికగా అయ్యేవి తక్కువ. మైదా, వెన్న, పంచదార, రెండు గుడ్లు, కాస్త జామ్ ఉంటే చాలు. తెలుసుకోవాల్సినవి రెండే సంగతులు: పిండిని చల్లగా ఉంచడం, అయ్యాక ఒక రోజు ఆగడం.

లింట్స్ నగరం డాన్యూబ్ నది ఒడ్డున ఉంది. ఎగువ ఆస్ట్రియా రాష్ట్రానికి రాజధాని. బాదంపొడి కలిపిన పిండి మీద జామ్ పరిచి, పైన అదే పిండిని జాలీలా అల్లి కాల్చే లింట్సర్ టోర్టె అనే కేకు ఈ ఊరి పేరుతోనే ప్రసిద్ధి. దాని తయారీ 1653 నాటి చేతిరాత వంటపుస్తకంలో ఉంది. ఆన్నా మార్గరీటా సాగ్రమోసా అనే జమీందారిణి పుస్తకమది. ఆడ్మాంట్ మఠంలో భద్రంగా ఉన్న ఆ ప్రతిని వాల్‌ట్రౌట్ ఫైస్నర్ అనే పరిశోధకురాలు 2005లో గుర్తించారు. అప్పటిదాకా 1696 నాటి వియన్నా ప్రతినే అన్నిటికన్నా పాతదనుకునేవారు. పిండి, వెన్న, జామ్‌ల ఆ పొత్తునే చిన్నచిన్న జంట బిస్కెట్లుగా చేస్తే లింట్సర్ బిస్కెట్. అమెరికా వంటగదుల్లో దీనికి సాధారణంగా బాదంపొడి, దాల్చినచెక్క కలుపుతారు. ఆస్ట్రియా ఇళ్లలో చాలామంది గింజల పొడి లేని సాదా పిండితోనే చేస్తారు. మొదటిసారి చేసేవాళ్లకు సాదా పిండే మంచిది, చిరక్కుండా మాట వింటుంది.

ఈస్టర్‌తో గుడ్డుకూ వెన్నకూ ఉన్న సంబంధం అలంకారం కోసం పుట్టింది కాదు. మధ్యయుగాల్లో పశ్చిమ యూరప్ చర్చి లెంట్ నలభై రోజుల ఉపవాసంలో మాంసంతో పాటు గుడ్లు, పాలు, వెన్న కూడా నిషేధించింది. జర్మనీలోని సాక్సనీ వాళ్లు వెన్న వాడుకోవడానికి పోప్ ఎనిమిదో ఇన్నోసెంట్ 1491లో ప్రత్యేకంగా అనుమతి పత్రం ఇవ్వాల్సివచ్చిందంటే నియమం ఎంత గట్టిదో అర్థమవుతుంది. మనుషులు ఉపవాసం చేశారు గానీ కోళ్లు గుడ్లు పెట్టడం మానలేదు కదా! అలా పోగుపడిన గుడ్లు ఈస్టర్‌కి బల్ల మీదికి వచ్చేవి. ఆస్ట్రియాలోని స్టైరియా, కరింథియా ప్రాంతాల్లో ఇప్పటికీ పవిత్ర శనివారం నాడు ఉడికించి రంగులద్దిన గుడ్లు, హ్యామ్, రొట్టె బుట్టలో సర్ది, గుడికి తీసుకెళ్లి ఆశీర్వాదం పొంది తెచ్చుకుంటారు.

పండగ ఇంట్లో ఉడికిన గుడ్లు మిగలడం మామూలే. వాటిలోని పచ్చసొన ఈ బిస్కెట్‌కి చేసే మేలు గొప్పది. మైదాలోని ప్రొటీన్‌కి నీరు తగిలి, పిండిని మర్దించిన కొద్దీ అది సాగి బిగుసుకుంటుంది. రొట్టెకి ఆ బిగువు కావాలి, బిస్కెట్‌కి అది శత్రువు. పచ్చిసొనలో దాదాపు సగం నీరే. ఉడికిన సొనలో ప్రొటీన్ అప్పటికే గట్టిపడి నీటిని తనలోనే పట్టి ఉంచుతుంది, కొవ్వు మాత్రం పిండికి అందుతుంది. అందుకే ఉడికిన సొనను సన్న జల్లెడలో రుద్ది కలిపితే బిస్కెట్ పంటి కింద ఇట్టే విడిపోతుంది. ఇటలీలో కానెస్ట్రెల్లి అనే బిస్కెట్లకూ ఇదే పద్ధతి వాడతారు. గుడ్డును పది నిమిషాలకు మించి ఉడికించకూడదు. మించితే సొన చుట్టూ ఆకుపచ్చ పొర కడుతుంది, గంధకం వాసన వస్తుంది. అలంకరణకని గంటల తరబడి బయట ఉంచిన గుడ్లు మాత్రం వాడొద్దు.

నీటిని పిండికి దూరంగా ఉంచే ఈ కిటుకు తెలుగు వంటింటికి కొత్తేమీ కాదు. కజ్జికాయల పిండిలో నీళ్లు పోసేముందు నెయ్యి వేసి, పిడికిట్లో పట్టుకుంటే ముద్ద నిలిచేదాకా రుద్దుతారు. గుల్లగా రావాలంటే అలా చేయాలని పెద్దవాళ్లు చెబుతారు. కొవ్వు పిండి రేణువుల చుట్టూ పూతలా పట్టుకుని నీటిని వాటి దగ్గరికి రానివ్వదు, అందుకే గుల్లదనం. ఆస్ట్రియా వంటమనిషి చల్లటి వెన్నను మైదాలో వేళ్లకొసలతో నలిపేదీ అందుకే.

కొలత గుర్తుపెట్టుకోవడం తేలిక: మూడు పాళ్లు మైదా, రెండు పాళ్లు వెన్న, ఒక పాలు పంచదార. 300 గ్రాముల మైదాకు 200 గ్రాముల ఉప్పులేని వెన్న, 100 గ్రాముల పొడి పంచదార, రెండు ఉడికిన సొనలు, చిటికెడు ఉప్పు, ఒక నిమ్మకాయ పైతొక్క తురుము. గుడ్డు తిననివాళ్లు సొన మానేసి, ముద్ద కట్టడానికి చెంచా పాలు చిలకరించుకోవచ్చు. ఇంట్లో చిలికిన వెన్నయితే అందులో నీరు ఎక్కువ ఉంటుంది కనుక బాగా పిండేయాలి. మైదా, వెన్న నలిపి రవ్వలా అయ్యాక మిగిలినవి వేసి, ముద్ద కట్టగానే చేయి తీసేయాలి. చపాతీ పిండిలా మర్దిస్తే చేసిన శ్రమంతా వృథా.

అసలు పరీక్ష ఇక్కడి ఎండలది. ఈస్టర్ మార్చి 22కీ ఏప్రిల్ 25కీ మధ్య వస్తుంది. లింట్స్‌లో అప్పుడు ఇంకా చలిగాలి. విజయవాడలో ఏప్రిల్ ఎండ 40 డిగ్రీల దరిదాపుల్లో ఉంటుంది, వెన్నేమో 32 నుంచి 35 డిగ్రీల మధ్య కరిగిపోతుంది. దీనికి మందు ఒకటే. ముద్దను వెంటనే రెండు బటర్ పేపర్ల మధ్య పెట్టి 3 మిల్లీమీటర్ల మందాన ఒత్తేయాలి. ఆ తర్వాతే, పేపర్లతో సహా పళ్లెంలో పెట్టి గంటసేపు ఫ్రిజ్‌లో ఉంచాలి. ముందు ఫ్రిజ్‌లో పెట్టి గట్టిపడిన ముద్దతో తర్వాత కుస్తీ పట్టడం కన్నా ఇది చాలా నయం. పైగా పొడిపిండి చల్లే అవసరం ఉండదు, బిస్కెట్ బిరుసెక్కదు. తెల్లవారుజామున, కిటికీలు తీసి ఈ పని పెట్టుకుంటే ఇంకా సుఖం.

గుడ్డు అచ్చు కొనక్కర్లేదు. పల్చటి రేకు డబ్బా వలయాన్ని రెండు పక్కలా నొక్కితే కోలగా అవుతుంది. కిటికీకి నీళ్ల సీసా మూత సరిపోతుంది. కోసిన వాటిలో సగానికి మాత్రమే కిటికీ పెట్టాలి. కిటికీ ఉన్నవీ లేనివీ వేరువేరు ట్రేల్లో కాల్చాలి. కిటికీ ఉన్నవాటిలో పిండి తక్కువ కాబట్టి అవి ఒకటి రెండు నిమిషాలు ముందే కాలుతాయి. 170 డిగ్రీల దగ్గర 10 నుంచి 12 నిమిషాలు చాలు. అంచులు లేత బంగారు రంగుకి తిరగ్గానే తీసేయాలి. ఎర్రబడేదాకా ఉంచితే వెన్న రుచి పోతుంది. వేడి మీద మెత్తగా ఉన్నాయని కంగారుపడి మళ్లీ ఓవెన్‌లో పెట్టకూడదు, చల్లారితే అవే గట్టిపడతాయి.

జామ్ సంగతి. ఆస్ట్రియాలో డాన్యూబ్ లోయలోని వాఖావ్ ప్రాంతపు ఆప్రికాట్లకు పెద్ద పేరు. వాటికోసం మనం వెతుక్కోనక్కర్లేదు. హైదరాబాద్ వాళ్లు ఖుబానీ కా మీఠాకు వాడే ఎండు ఖుబానీలు ఆప్రికాట్లే. 150 గ్రాములు రాత్రంతా నానబెట్టి, గింజ తీసి, నానిన నీళ్లతోనే ఉడికించి, మెదిపి, జల్లెడ పట్టి, పంచదార, నిమ్మరసం వేసి దగ్గరపడేదాకా కలియబెడితే చక్కటి జామ్ తయారు. రంగు కాస్త ముదురుగా వస్తుంది, రుచి మాత్రం డబ్బాజామ్‌కి అందనిది. పళ్లెం మీద చుక్క వేసి వంచితే జారకూడదు. అంత చిక్కగా ఉంటేనే బిస్కెట్ నానిపోదు.

జతచేయడంలోనూ ఒక వరస ఉంది. కిటికీ ఉన్న ముక్కల మీద పొడి పంచదార ముందే చల్లుకోవాలి. జత కట్టాక చల్లితే కిటికీలోని జామ్ మీద పడి కరిగి, మెరుపు చెడుతుంది. కిటికీ లేని ముక్కను తిరగేసి, చదునుగా ఉన్న అడుగువైపు గోరువెచ్చటి జామ్ అర చెంచా రాయాలి. పైముక్కను అంచులు పట్టుకుని మెల్లగా నొక్కి, కిటికీలోకి ఇంకో చుక్క జామ్ వదలాలి. ఈ కొలతకు సుమారు 35 నుంచి 40 జతలు వస్తాయి.

అప్పటికప్పుడు తింటే బిస్కెట్ వేరు, జామ్ వేరుగా అనిపిస్తాయి. డబ్బాలో ఒక రోజు ఉంచితే జామ్ తేమ కొద్దికొద్దిగా బిస్కెట్‌లోకి దిగి, రెండూ ఒకే రుచిగా కలిసిపోతాయి. ఆస్ట్రియా ఇళ్లలో వీటిని పండగకి ముందే చేసి దాచేది అందుకే. ఈ ఆగడం తెలుగు క్రైస్తవ కుటుంబాలకూ బాగా కుదురుతుంది. శుభ శుక్రవారం ఆరాధన, ఆదివారం తెల్లవారకముందే కొవ్వొత్తులు, పూలతో సమాధుల తోటకు ప్రయాణం, ఆపైన పునరుత్థాన ఆరాధన. వీటి మధ్య పొయ్యి దగ్గర నిలబడే తీరిక ఎవరికుంటుంది? మన ఊళ్లలో క్రిస్మస్‌కి ఉన్న పిండివంటల సందడి ఈస్టర్‌కి అంతగా కనిపించదు. ఆ లోటు తీర్చడానికి ఈ బిస్కెట్ అన్నివిధాలా తగినది. గురువారం పిండి ఒత్తి ఫ్రిజ్‌లో పెట్టండి, శనివారం ఉదయం కాల్చి జత కట్టండి. గాలి చొరని డబ్బాలో, పొరకీ పొరకీ మధ్య బటర్ పేపర్ వేసి సర్దండి. ఇరుగుపొరుగుకి పంచగా మిగిలితే నాలుగైదు రోజులు చెడకుండా ఉంటాయి.