సిలిండర్‌లో ఎన్ని కిలోలు?

సీఎన్‌జీ బంకులో గ్యాసు కిలోల లెక్కన అమ్ముతారు. కారు డిక్కీలో ఉండే సిలిండర్ పరిమాణం మాత్రం లీటర్లలో చెబుతారు. అరవై లీటర్ల సిలిండర్‌ను 200 బార్ దాకా నింపితే ఎన్ని కిలోలు పడుతుంది? ఇంటర్మీడియట్ కెమిస్ట్రీ గుర్తున్నవాళ్లకు ఇది రెండు నిమిషాల పని. ఉష్ణోగ్రత 27 డిగ్రీలు, అంటే 300 కెల్విన్. గ్యాసంతా మీథేనే అనుకుని ఆదర్శ వాయు సమీకరణంలో అంకెలు వేస్తే 7.7 కిలోలు వస్తుంది.

నిజానికి పట్టేది 9.3 కిలోల దాకా.

కిలోన్నర తేడా ఎక్కడిదంటే, ఆ సమీకరణం అణువులకు పరిమాణం లేదనీ, ఒకదాన్నొకటి లాక్కోవనీ అనుకుంటుంది. ఒక బార్ దగ్గర అలా అనుకున్నా నష్టం లేదు. 200 బార్ దగ్గర అణువులు ఇరుకున పడతాయి, ఆకర్షణ బలంగా పనిచేస్తుంది, అదే పీడనానికి ఎక్కువ గ్యాసు ఇముడుతుంది. ఈ తేడాను ఇంజినీర్లు జెడ్ అనే ఒక్క అంకెలో చెబుతారు. ఆదర్శ వాయువుకు జెడ్ విలువ 1. మన సిలిండర్‌లోని మీథేన్‌కు 0.83.

జెడ్‌ను లెక్కకట్టే దారి మొదట వేసినవాడు డచ్ శాస్త్రవేత్త వాన్ డర్ వాల్స్. 1873లో లైడెన్ విశ్వవిద్యాలయానికి సమర్పించిన సిద్ధాంత వ్యాసంలో పాత సమీకరణానికి రెండు సవరణలు చేశాడు: అణువుల పరిమాణానికి ఒకటి, ఆకర్షణకు ఒకటి. 1910లో ఆయనకు నోబెల్ బహుమతి వచ్చింది. ఆ సవరణలతో ఒక చిక్కూ వచ్చిపడింది. మామూలు గుణకారం, భాగహారం కాస్తా ఘన సమీకరణమైంది. దాన్ని చేత్తో పదేపదే సాధించే ఓపిక ఎవరికుంటుంది? సహజవాయువు రంగంలో చాలాకాలం అందరూ 1942లో స్టాండింగ్, కట్జ్ గీసిన చార్టు మీదే ఆధారపడ్డారు. స్కేలు పెట్టి, గీత పట్టుకుని, కంటి అంచనాతో జెడ్ చదువుకునేవారు.

1979లో యాపిల్ కంప్యూటర్ మీదికి విసికాల్క్ అనే స్ప్రెడ్‌షీట్ వచ్చాక ఆ ఘన సమీకరణం గడుల్లోకి దిగింది. ఈ రోజు ఎక్సెల్‌లో పెంగ్-రాబిన్సన్ సమీకరణం వేయడానికి పదిహేను గడులుంటే చాలు. 1976లో కెనడాలోని అల్బర్టా విశ్వవిద్యాలయం నుంచి వచ్చిన ఈ సమీకరణానికి ఒక్కో వాయువు గురించి మూడు అంకెలు తెలియాలి: సందిగ్ధ ఉష్ణోగ్రత, సందిగ్ధ పీడనం, అణువు ఆకారాన్ని సూచించే ఎసెంట్రిక్ ఫ్యాక్టర్. మీథేన్‌కు అవి వరుసగా 190.56 కెల్విన్, 45.99 బార్, 0.011. ఖరీదైన సాఫ్ట్‌వేర్‌లో జవాబొక్కటే కనిపిస్తుంది. షీటులోనైతే ప్రతి మెట్టూ కళ్లెదుటే ఉంటుంది, ఏ గడి మీద నొక్కినా దాని వెనకున్న సూత్రం బయటపడుతుంది. షీటు కట్టడంలో ఉన్న సుఖం అదే.

మన సిలిండర్‌కు ఆ షీటు ఇచ్చే జెడ్ 0.811. కిలోల్లో 9.5. అసలు విలువకు రెండు శాతం దూరం. బాగానే ఉంది. పక్క నిలువు వరుసలో వాన్ డర్ వాల్స్ పాత సమీకరణాన్నీ వేసి చూస్తే? జెడ్ 0.823, అంటే 9.4 కిలోలు. నూరేళ్ల తర్వాత వచ్చిన సమీకరణం కన్నా పాతదే నిజానికి దగ్గరగా ఉంది!

షీటు కట్టడం కొత్తగా నేర్చుకున్నవాళ్లు సరిగ్గా ఇక్కడే పొరబడతారు. ఒక అంకె సరిపోయిందంటే సమీకరణం మంచిదని నమ్మేస్తారు. అది గాలివాటంగా కుదిరిన అంకె. రెంటినీ సందిగ్ధ బిందువు దగ్గరికి తీసుకెళ్తే సంగతి తేలిపోతుంది. అక్కడ వాన్ డర్ వాల్స్ సమీకరణం ఏ వాయువుకైనా జెడ్ 0.375 అంటుంది, పెంగ్-రాబిన్సన్ 0.307 అంటుంది. మీథేన్‌కు కొలిచిన విలువ 0.286, కార్బన్ డయాక్సైడ్‌కు 0.274. పాతది చాలా దూరం, కొత్తది కొంత దూరం. అందుకే చేయి తిరిగినవాళ్లు ఒక్క గడిని చూసి షీటును మెచ్చుకోరు. ఉష్ణోగ్రత, పీడనం మార్చుకుంటూ పోయి, కొలిచిన విలువల పట్టికతో పోల్చి, ఎక్కడెక్కడ ఎంత తప్పుతోందో పక్కన రాసుకుంటారు.

ద్రవం దగ్గరికొచ్చేసరికి పని ఇంకా సున్నితం. వంటింటి ఎల్‌పీజీలో ప్రొపేన్, బ్యూటేన్ కలిసి ఉంటాయి. లెక్క తేలికగా ఉండాలని ప్రొపేన్‌నొక్కదాన్నే తీసుకుందాం. 300 కెల్విన్, దాదాపు 10 బార్ దగ్గర ఘన సమీకరణానికి మూడు మూలాలూ వస్తాయి: 0.035, 0.128, 0.815. పెద్దది సిలిండర్ పైభాగంలోని ఆవిరిది, చిన్నది అడుగునున్న ద్రవానిది. మధ్యదానికి భౌతికంగా అర్థం లేదు. ఆవిరి సాంద్రత ఘనపు మీటరుకు 22 కిలోలైతే ద్రవానిది 508. తప్పు మూలం పట్టుకుంటే లెక్క ఇరవై రెట్లకు పైగా తప్పుతుంది. సరైన మూలం పట్టినా పూర్తిగా నిశ్చింత లేదు, ఎందుకంటే ద్రవ ప్రొపేన్ అసలు సాంద్రత 490 దగ్గర ఉంటుంది. ద్రవాలను కాస్త బరువుగానో తేలికగానో చూపడం ఈ సమీకరణానికి పుట్టుకతో వచ్చిన గుణం.

ఎక్సెల్‌లోని గోల్ సీక్ కూడా ఇక్కడ మోసం చేస్తుంది. సెట్టింగులు మార్చకపోతే సమీకరణం విలువ సున్నాకు 0.001 దూరంలోకి రాగానే అది ‘జవాబు దొరికింది’ అని ఆగిపోతుంది. మీథేన్ విషయంలో ఆ తేడా లెక్కలోకి రాదు. ప్రొపేన్ ద్రవానికి మొదటి ఊహగా 0.04 ఇస్తే సమీకరణం విలువ అప్పటికే 0.0004. గోల్ సీక్ ఉన్నచోటు నుంచి కదలనే కదలదు, పదిహేను శాతం తప్పున్న జవాబును నమ్మకంగా చూపిస్తుంది. సమీకరణాన్ని పది లక్షలతో గుణించి వెతకమంటే దారికొస్తుంది. లేదంటే న్యూటన్ పద్ధతిలో ఒక్కో మెట్టుకు ఒక్కో వరుస పెట్టుకోవచ్చు. నాలుగైదు వరుసల్లో అంకె స్థిరపడటం కంటికి కనిపిస్తుంది. మూడు మూలాలూ ఒకేసారి కావాలంటే 1545లో కార్డానో అచ్చువేయించిన పద్ధతికి త్రికోణమితి రూపం ఉంది. ఎక్సెల్ కోణాలను రేడియన్లలో ఇస్తుందన్న ఎరుకతో దాన్ని వాడుకోవాలి.

కార్బన్ డయాక్సైడ్‌ను 31 డిగ్రీలు, 74 బార్ పరిసరాల్లో లెక్కగట్టాల్సివస్తే ఇలాంటి షీటును పక్కనపెట్టడమే మేలు. అక్కడ పీడనం కొద్దిగా మారినా సాంద్రత ఎగిరిపడుతుంది, ఘన సమీకరణాలు దాన్ని అందుకోలేవు. ఆ పనికి స్పాన్, వాగ్నర్ 1996లో ప్రచురించిన బహుపదాల సమీకరణం ఉంది. కూల్‌ప్రాప్ అనే ఉచిత లైబ్రరీ దాన్ని ఎక్సెల్ గడిలోకే తెచ్చిపెడుతుంది. అది అందుబాటులో ఉన్నా తమ పెంగ్-రాబిన్సన్ వరుసను చెరపకుండా పక్కనే ఉంచుకునే ఇంజినీర్లున్నారు. రెండు అంకెలూ అనుకున్నదానికన్నా ఎక్కువ ఎడంగా కనిపిస్తే వాళ్లు ముందు పీడనం గడి తెరిచి, గేజ్ చూపిన అంకెకు వాతావరణ పీడనం కలిపారో లేదో చూస్తారు. ఆ తర్వాత ఉష్ణోగ్రతకు 273.15 కలిసిందా అని చూస్తారు. సమీకరణాన్ని అనుమానించే వంతు మూడోది.